పన్నెండు కిలోల బిగింపు

మేస్త్రీ చేతికి ఆ వీధిలో పెద్ద పేరు. ఆయన నట్టు బిగిస్తే మళ్ళీ ఆయనే వచ్చి విప్పాలి అనేవారు జనం. అది పొగడ్తే అనుకుని ముప్పై ఏళ్ళు మీసం మెలేశాడు మేస్త్రీ.

మేనకోడలు ఆయన మెకానిక్ షెడ్డులో చేరిన నెలకే ఆ పేరుకు చిక్కొచ్చి పడింది. అక్క కూతురు. కంపెనీ సర్వీసు సెంటర్లో మూడేళ్ళు మోటారు సైకిళ్ళు విప్పి బిగించిన పిల్ల. వస్తూనే టార్క్ రెంచ్ కావాలంది. నట్టుకు ఎంత బలం పడుతోందో కొలిచి చెప్పే పానా అది. కొనే ముందు రెండు వారాలపాటు షెడ్డుకొచ్చిన ప్రతి బండి బోల్టులకూ ఎంతెంత బిగింపు కావాలో కాగితం మీద రాసుకుంది. మేస్త్రీ చూసి చూసి, కొనేదేదో బారుగా ఉన్నది కొనుక్కోవే, గోడకి తగిలించినా దర్జాగా ఉంటుంది అన్నాడు.

"పెద్దది చిన్న బోల్టుల దగ్గర అబద్ధాలాడుతుంది మావయ్యా. ఏ రెంచయినా ఈ చివరా ఆ చివరా నమ్మడానికి లేదు, నడి అంకెల్లోనే నిజం చెబుతుంది. మన బోల్టులు చాలావరకు ముప్పై న్యూటన్ మీటర్ల దగ్గరున్నాయి. అందుకని అరవై దాకా వెళ్ళేది చాలు. చక్రం ఇరుసులకి తర్వాత ఇంకోటి కొందాం."

"కొలిచి కుట్టేవాణ్ణి దర్జీ అంటారు. కొలిచి బిగించేవాణ్ణి ఏమంటారో నాకు తెలీదు" అన్నాడు మేస్త్రీ. పక్కనున్న టైర్ల షెడ్డాయన పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది.

ఆమె పని తీరే వేరు. పిడి తిప్పి అంకె పెట్టుకునేది. నిదానంగా లాగేది. పెట్టిన అంకె చేరి రెంచ్ టిక్కుమనగానే ఆగిపోయేది, రెండోసారి లాగితే చేయి కొరుకుతుందేమో అన్నట్టు వెంటనే తీసేసేది. పనయ్యాక పిడిని అడుగు అంకెకు తిప్పి, గుడ్డతో తుడిచి పెట్టెలో పడుకోబెట్టేది. బిగదీసి వదిలేస్తే లోపలి స్ప్రింగు అలిసిపోతుందట. జోల కూడా పాడు, పుణ్యముంటుంది అనేవాడు మేస్త్రీ. ఏ బండికి ఏం బిగించిందో ఒక టేపు ముక్క మీద రాసి గోడకు అంటించేది. ఒక్క మాట మాత్రం పదిసార్లు చెప్పింది. దీంతో బిగించాలే గాని విప్పకూడదు. మేస్త్రీ పదిసార్లూ తల ఊపాడు. ఊపినంత తేలిగ్గా మాట లోపలికి పోలేదు.

ఒకరోజు ఆమె స్పేర్ల కొట్టుకు వెళ్ళింది. ఒక పాత బండి వెనక ఇరుసు నట్టు తుప్పుపట్టి మొండికేసింది. మొండి నట్లు విప్పే పొడుగు రాడ్డును టైర్ల షెడ్డాయన పొద్దున్నే పట్టుకుపోయాడు. బండి తాలూకు మనిషి చేతులు కట్టుకుని చూస్తూ, ఏం మేస్త్రీ, చేతిలో పస అయిపోయిందా అన్నాడు. అంతే, మేస్త్రీకి ఒళ్ళు మండింది. పెట్టె తెరిచాడు. టార్క్ రెంచ్ నట్టుకు తగిలించి, పిడికి నీళ్ళ పైపు ముక్క తొడిగి, కాలెత్తి బరువంతా వేసి తొక్కాడు. రెంచ్ కడుపులో ఏదో పుటుక్కుమంది. నట్టు కదిలింది. రెంచ్ ఎగిరి సిమెంటు గచ్చు మీద పడింది.

బండి మనిషి శభాష్ అన్నాడు. మేస్త్రీ ముందు వీధి వైపు చూశాడు. మేనకోడలు ఇంకా రాలేదు. రెంచ్‌ని తుడిచాడు. అంకెను అడుక్కి తిప్పాడు. పెట్టెలో పెట్టి మూత వేశాడు.

సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రం ఆమె దానితో ఒక బండి బోల్టులు బిగించింది, టిక్కులన్నీ చక్కగానే వినిపించాయి. పలుకుతోందంటే బాగానే ఉన్నట్టే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. రేపు అనుకున్నాడు. ఎల్లుండి అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాడు.

పదో రోజు పొద్దున, మేనకోడలి చేత ఆయిలు మార్పించుకెళ్ళిన ఫొటోగ్రాఫర్ బండి తోసుకుంటూ వచ్చాడు. స్టూడియోలో తెల్ల టైల్స్ మీద ఇంజనాయిలు మడుగు కట్టిందట. మేనకోడలు బండి కిందికి దూరింది. ఇంజను అడుగున ఆయిలు బోల్టు ఆమె రెండు వేళ్ళకే తిరిగింది.

ఆమె బయటికొచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. "టిక్కుమంది మావయ్యా. నేను విన్నాను. బాగా విన్నాను."

ఫొటోగ్రాఫర్ మేస్త్రీ వైపు తిరిగాడు. మేస్త్రీకి పైపు ముక్క కనబడింది, గచ్చు మీద పడ్డ చప్పుడు వినబడింది. నోరు తెరిచాడు. కాని లోపలున్న మాట కాక వేరే మాట వచ్చింది.

"చేతికి తెలియాల్సింది చెవికేం తెలుస్తుంది? అందుకే చెప్పాను, బొమ్మలతో ఆటలొద్దని."

ఫొటోగ్రాఫర్ తల పంకించాడు. అలా పెట్టండి గడ్డి అన్నట్టుంది ఆ పంకించడం. ఆమె అదే రెంచ్‌తో బోల్టు బిగించి, కారిన ఆయిలుకు బదులు కొత్తది పోసి, బండి తుడిచి పంపేసింది. తర్వాత రెంచ్ పెట్టెను తీసుకెళ్ళి మేస్త్రీ బల్ల మీద పెట్టింది.

"ఇకనించి బిగింపులు నువ్వే చూసుకో మావయ్యా. నేను కడగడం, తుడవడం చూసుకుంటా. నా మీద నాకే నమ్మకం పోయింది."

అలాగేలే అన్నట్టు ఏదో గొణిగి మేస్త్రీ గోడవైపు తిరిగాడు. ముఖం దాచుకోవడానికి తిరిగాడు గాని, అక్కడ టేపు ముక్కలు వరసగా అంటించి ఉన్నాయి. చివరి ముక్క మీద ఆమె గుండ్రటి అక్షరాలు. పశువుల డాక్టరు. ముందు బ్రేకు కాలిపర్. ముప్పై. నిన్నటి తేదీ.

మేస్త్రీ ఆ ముక్కను మళ్ళీ చదివాడు. చక్రం పక్కనుండే పళ్ళేన్ని నొక్కిపట్టి బండిని ఆపేది కాలిపర్. దాన్ని పట్టుకునుండేవి రెండే బోల్టులు. డాక్టరు ఇవాళ కొండ మీద దూడల శిబిరానికి వెళతానన్నాడు, పన్నెండింటికల్లా దిగొస్తానన్నాడు. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్ద పని లేదు. దిగేటప్పుడు పదకొండు మలుపులు. గడియారంలో పదకొండు కావస్తోంది.

షెడ్డు వెనక్కి వెళ్ళి ఫోన్ చేశాడు. మూడుసార్లు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. సంచిలో పానాలు వేసుకుని స్కూటర్ తీస్తూ, బేరింగులు తెస్తానని చెప్పాడు.

"నిన్ననే తెచ్చాను కదా?" అంది ఆమె.

వేరే సైజు అన్నాడు. అబద్ధానికి తోడు ఇంకో అబద్ధం. ఆమె తల వంచుకుని చెయిన్ కడుగుతోంది. కంపెనీ సెంటర్లో ఇంజన్లు తెరిచిన చేతులు.

కొండదారిలో స్కూటర్ మూలిగింది. మేస్త్రీ ఒకటే కోరుకున్నాడు. బోల్టులు గట్టిగా ఉండాలి. ఉంటే డాక్టరుకు ఏమీ కాదు. అలా అనుకుంటూండగానే దాని వెనక నక్కిన ఇంకో ఆశ బయటపడింది. గట్టిగా ఉంటే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మనిషి ప్రాణం పక్కన తన పరువును కూర్చోబెట్టి తీసుకెళుతున్నాడు. సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ఆశ స్కూటర్ దిగలేదు, పైదాకా వచ్చింది.

శిబిరం అయిపోయింది. డాక్టరు హెల్మెట్ పట్టీ పెట్టుకుంటున్నాడు. మేస్త్రీ స్కూటర్ని పడేసినంత పని చేసి పరుగెత్తాడు. ఒక్క నిమిషం ఆగమని, ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింది బోల్టు మూడు మరలు బయటికొచ్చి ఉంది. వేళ్ళతో తిరిగింది. పైది పానా తగిలించగానే, అడిగిందే తడవుగా కదిలింది.

డాక్టరు వంగి చూశాడు. హెల్మెట్ మెల్లగా తీసేశాడు. "ఇదేంటి మేస్త్రీ? మీ మేనకోడలు నా ఎదురుగానే బిగించిందే. ఎంత శ్రద్ధగా చేసిందని."

"అది బాగానే బిగించింది" అన్నాడు మేస్త్రీ.

పానా తీసుకున్నాడు. లాగబోయి ఆగాడు. ఎంత లాగాలి? బోల్టు దిగేది అల్యూమినియంలోకి. ఎక్కువైతే మరలు ఊడొస్తాయి, తక్కువైతే మళ్ళీ ఇదే గతి. ముప్పై ఏళ్ళలో ఆ చెయ్యి అడగని ప్రశ్న అది. పానా పట్టుకునే తలెత్తి చూశాడు.

డాక్టరు వెనక, కొయ్యకు వేలాడుతూ దూడల్ని తూచే కాటా కనబడింది. కొక్కెం, గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు. మేనకోడలు ఒకసారి చెప్పింది. రెంచ్ లేకపోయినా పానా చివర ఎన్ని కిలోలు లాగుతున్నామో తెలిస్తే లెక్క కట్టొచ్చట. అయితే కూరగాయల కొట్టు పెట్టుకో అని తను నవ్వాడు. నవ్వాడు గాని లెక్క వినలేదు. ఇప్పుడు ఆ లెక్క తెలిసింది ఒక్కరికే.

ఫోన్ చేశాడు. డాక్టరు పక్కనే నిలబడి ఉన్నాడు, పక్కకు జరగమనడానికి మొహం చెల్లలేదు.

"అమ్మడూ, పావు మీటరు పానా. ముప్పై రావాలంటే చివర ఎన్ని కిలోలు లాగాలి?"

"ఎవరి బండి మావయ్యా?"

"డాక్టరుగారిది. కాలిపర్. వదులైంది."

ఆమె చిన్నగా, "అది కూడా నేనే..." అంది.

"నువ్వు కాదు. నేను." మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు కొట్టుకెళ్ళిన రోజు నీ రెంచ్‌తో ఇరుసు నట్టు విప్పాను. పైపు తొడిగి కాలితో తొక్కాను. గచ్చు మీద పడింది కూడా. తుడిచి పెట్టేశాను. నీ చెవికేం కాలేదు. రెంచే తప్పుగా పలుకుతోంది."

డాక్టరు కాటా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫోన్లో షెడ్డు ముందు నుంచి ఏదో లారీ పోతున్న చప్పుడు వినిపించింది.

"పన్నెండు" అంది. "పన్నెండు కిలోలు. బోల్టు నడిమి నుంచి కొక్కెం దాకా పావు మీటరు ఉందో లేదో కొలువు. పానా, కాటా ఎల్ అక్షరంలా ఉండాలి, వాల్చకు. మరలకి మురికి లేకుండా తుడువు. రెండు బోల్టులూ." ఫోన్ పెట్టేసింది.

డాక్టరు సంచిలోంచి దూడల ఛాతీ కొలిచే టేపు తీసి ఇచ్చాడు. కొక్కేన్ని పానా చివర బిగించి మేస్త్రీ లాగాడు. డాక్టరు ముల్లు చదివాడు. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు, ఆపు. మేస్త్రీ చెయ్యి ఆగనంది. చేతికి ఇంకా చాల్లేదు. బలవంతాన ఆపాడు. రెండో బోల్టుకూ అంతే.

పనయ్యాక కూడా ఆ చాల్లేదన్న బాధ చేతిలోనే ఉండిపోయింది. కొక్కేన్ని శిబిరం ఇనప కంచెకు తగిలించి, కళ్ళు మూసుకుని, బోల్టు బిగిస్తున్నాననుకుని లాగాడు. ఇది సరైన బిగింపు అని చెయ్యి అన్నచోట ఆగి, ఎంతని అడిగాడు.

"పంతొమ్మిది" అన్నాడు డాక్టరు. కాటా అందుకుంటూ, "రెండేళ్ళ కిందట నా బండి ఆయిలు బోల్టు మరలు ఊడిపోయాయి. కంపెనీ నాసిరకం సామాను పెట్టిందన్నావు" అన్నాడు.

మేస్త్రీ పానాల్ని సంచిలో వేసుకున్నాడు. ఊళ్ళో బోల్టులన్నిటి పీకా ముప్పై ఏళ్ళుగా నులుముతూ వచ్చాడన్నమాట. మళ్ళీ ఆయనే వచ్చి విప్పాలని జనం ఎందుకనేవారో ఇప్పుడు తెలిసింది. డాక్టరు మలుపులు దిగుతుంటే వెనకే స్కూటర్ మీద దిగాడు. ప్రతి మలుపులోనూ బ్రేకు దీపం వెలిగింది, బండి తగ్గింది. పదకొండూ లెక్కపెట్టాడు.

షెడ్డుకొచ్చేసరికి మేనకోడలు రెంచ్ తలను బల్ల పట్టుకారులో బిగించి, పిడికి పావు మీటరు దగ్గర గీత గీసి, అక్కడ బకెట్ వేలాడదీసి ఉంది. అంకె ముప్పై మీద ఉంది. చెంబుతో నీళ్ళు పోస్తూ, ఆయన చూస్తుండగానే టిక్కుమనిపించింది.

"నీళ్ళూ బకెట్టూ కలిపి ఆరు కిలోలు. సగానికే అరుస్తోంది" అంది బకెట్ దించుతూ. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఫొటోగ్రాఫర్ ముందు నన్నన్నావే, అప్పుడు నీకు తెలుసా?"

తెలీదనడానికి ఇంకా చోటుంది. అప్పటికి అనుమానమే అనొచ్చు.

"తెలుసు" అన్నాడు మేస్త్రీ.

ఆమె తల ఊపింది. "నువ్వు వెళ్ళాక చెవిలో పుల్ల పెట్టి చూసుకున్నాను మావయ్యా. గులిమేమోనని. చెముడొస్తోందేమోనని. మేకు కింద పడేసి వినబడుతోందా అని చూసుకున్నా."

ఆమె ఏడ్చి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. మేస్త్రీ ఏదో అనబోయాడు, క్షమించు అనే మాట నోటికి ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. అది బయటికొచ్చేలోపే ఆమె గోడ దగ్గరికి వెళ్ళింది. తొమ్మిది రోజుల టేపు ముక్కలు ఒక్కొక్కటే ఊడదీసి బల్ల మీద వరసగా అంటించింది. పదకొండు. డాక్టరు ముక్క నలిపి పారేసింది. పది.

"వీళ్ళందర్నీ ఇవాళే వెనక్కి పిలవాలి. రేపటిదాకా ఆగేది లేదు. బోల్టులు నేను చూస్తా, కాటా తెప్పించుకుంటా. ఫోన్లు మాత్రం నువ్వు చెయ్యి. ఎందుకు పిలుస్తున్నావో కూడా చెప్పు."

మొదటి ముక్క ఫొటోగ్రాఫర్‌ది. ఆ ఆయిలు బోల్టు మళ్ళీ అదే రెంచ్‌తో బిగించింది, పొద్దున. మేస్త్రీ నంబరు నొక్కాడు. ఆమె అడక్కుండానే స్పీకర్ పెట్టాడు.

"ఏంటి మేస్త్రీ, మళ్ళీ ఆ పిల్ల ఏమైనా మర్చిపోయిందా?" అన్నాడు ఫొటోగ్రాఫర్ నవ్వుతూ. టైర్ల షెడ్డాయన పని ఆపి ఇటు చూశాడు.

"పిల్ల ఏదీ మర్చిపోలేదు" అన్నాడు మేస్త్రీ. "పొద్దున మీ ముందు దాన్ని అన్న మాట తప్పు. రెంచ్ పాడుచేసింది నేను. చేసి దాచింది కూడా నేనే. మీరొకసారి బండి తీసుకుని రండి, చెబుతాను."

అవతల నవ్వు ఆగిపోయింది. మేనకోడలు తలెత్తలేదు. రెండో టేపు ముక్కను ఆయన వైపు జరిపింది.