వెండి నాణెం మీద అయిదు ఊపిర్లు

రోజూ పొద్దున తొమ్మిదికల్లా భూతద్దమ్మ బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దీపం కిందికి వంచి, పాత వెండి నాణేలకు గ్రేడు వెయ్యడం మొదలుపెట్టేది. ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఆవిడ అద్దం ఎత్తిందంటే చాలు, గంధకం పొగ పట్టించి రంగెక్కించిన దొంగ నాణేలు బెదిరిపోయి, వాటంతటవే బల్ల దిగి గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయేవి.

అసలు రంగు తేల్చడం ఎంతసేపు? నాణెం ఏళ్ల తరబడి ఒకే సొరుగులో పడుంటే దాని మీద బంగారు, ఊదా, నీలం పొరలు ఒకదాని మీద ఒకటి కడతాయి. ఆ గదిలో మనుషులన్న మాటలు కూడా ఆ పొరల్లోనే ఇరుక్కుంటాయి. ఊపిరి ఊదితే పైపొర మాట వదిలేస్తుంది. దొంగరంగు మూగది. అయితే ఒక్క ఊపిరే ఊదాలని ఆఫీసు రూలు. ఊదినకొద్దీ రంగు పోతుంది, రంగు పోతే మిగిలేది వట్టి వెండిముక్క.

ఆ రోజు తమ్ముడొచ్చాడు, పన్నెండేళ్ల తర్వాత. అమ్మ పోతే కబురైనా పెట్టని తమ్ముడు. అమ్మ మంచం పక్క సొరుగులో ఉండే నాణెం బల్ల మీద పెట్టాడు. నెమళ్లు చూస్తే సిగ్గుతో ఈకలు పీక్కునేటన్ని రంగులు.

"మా ఆవిడకి మిషను కుట్టీ కుట్టీ వేళ్లు వంకరపోయాయక్కా. దీనికి మంచి గ్రేడు పడితే అమ్మేసి, ఆ కుట్టుపని మాన్పించి దాన్ని కూర్చోబెడతాను."

భూతద్దమ్మ మొహం గంటు పెట్టుకునే ఊదింది.

"మీ అక్క వచ్చిందిరా?" అంది నాణెం, అమ్మ గొంతుతో.

"రానందమ్మా," తమ్ముడి గొంతు.

పక్క బల్ల దగ్గర సీళ్లేసే ముసలాయన చెయ్యి చాచాడు. "అసలు రంగే. ఇటిచ్చెయ్యండమ్మా, డబ్బీలో పెట్టి సీలేస్తా."

ఆవిడ ఇవ్వలేదు. "అమ్మ నా పేరే ఎత్తట్లేదని ఉత్తరం రాశావు కదరా! నేనెప్పుడన్నాన్రా రానని?"

"ఉత్తరం అబద్ధమే, కోపంతో రాశా. రానన్నది మాత్రం నువ్వే."

"అనుంటే నా నాలుక కోసేసుకుంటా!" మళ్లీ ఊదింది.

నీలం పోయింది. "మీ అక్క వచ్చిందిరా?"

"రంగు పోతోందమ్మా, రంగు!" ముసలాయన లబలబలాడాడు.

ఇంకోసారి ఊదింది. ఊదా పోయింది. అదే ప్రశ్న, కాస్త ఓపికున్న గొంతుతో.

తమ్ముడు ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతా, ఆపు. నువ్వలా అనలేదు. నేనే కల్పించా. సరేనా?"

"నీ సరే ఎవడిక్కావాలి!"

నాలుగో ఊపిరికి బంగారు రంగు కూడా సగం పోయింది. అమ్మ అడుగుతూనే ఉంది. అయిదో ఊపిరికి తలుపు ధడేల్మన్న చప్పుడు, దాని వెనకే కిటికీ అద్దాలు పగిలేటంత కేక.

"నువ్వు చచ్చినా నీ గడప తొక్కను!"

ఆ గొంతెవరిదో తేల్చడానికి ఆ గదిలో ఎవరికీ భూతద్దం అక్కర్లేకపోయింది.

వెండిని అంటుకుని ఉన్న ఆ ఆఖరి పొరలోనే, కేక వెనకే అమ్మ మాట వినిపించింది. "కోపంలో అందిరా. రేపొచ్చేస్తుందిలే."

అంతే. నాణెం తెల్లగా, పళ్లపొడితో తోమినట్టు మిగిలింది.

తమ్ముడు దాన్ని జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. భూతద్దమ్మ చీటీ తీసి, "పరీక్షకురాలి చేతిలో పాడైంది. గ్రేడు లేదు" అని రాసి, సంతకం పెట్టి ముసలాయనకిచ్చింది. ఆ ఆఫీసులో ఆవిడ రాసిన ఆఖరి చీటీ అదే.