నీళ్ళపని అల్లుడిది

చాపల మేస్త్రి చిన్నల్లుడు కాలువగట్టు మీద దొంగచాటుగా తాగుతున్నాడని పక్కింటి కుట్టుమిషనామెతో పాలవాడు అన్నాడట. "నేను చెప్పానని అనకు గానీ" అంటూ ఆవిడ ఆ మాటను తీసుకొచ్చి మేస్త్రి పెద్దకూతురి చెవిలో వేసింది. "పొట్ట చూశావుటే, ఏడోనెలలా ఉంది! మీ ఆయనకీ ఇలాగే గదూ మొదలైంది?"

పెద్దకూతురికి అది ముల్లులా దిగింది. ఆవిడ భర్త పొట్ట ఉబ్బి, నెత్తురు కక్కుకుని పోయాడు. తాగుడే అన్నారంతా. చుక్క ముట్టలేదని అతను చివరిదాకా మొత్తుకున్నాడు. తాగినవాడు తాగానని ఎప్పుడన్నాడు గనక, అని ఈవిడే కొట్టిపారేసింది.

మేస్త్రి షెడ్డులో ఒక పద్ధతి ఉంది. అల్లకం ఇంటివాళ్ళది, నీళ్ళపని అల్లుడిది. కోసిన తుంగను కట్టలు కట్టి కాలువలో నానేయాలి, తిరగేయాలి, గట్టుకు లాగాలి. ఒళ్ళు మొలదాకా నీళ్ళలో ఉండాలి. అదీ మిట్టమధ్యాహ్నం. వెచ్చటి నీళ్ళకైతేనే తుంగ చెప్పినమాట వింటుందని మేస్త్రి నమ్మకం. పిల్లనిచ్చిన మామ మాట కాదనలేక పెద్దల్లుడు దిగాడు. అతను పోయాక చిన్నల్లుడు దిగాడు. మేస్త్రీ, కూతుళ్ళూ నీడపట్టున కూర్చుని అల్లేవారు.

ఇక ఇంట్లో ముక్కులకు పని పడింది. పెద్దామె చెల్లెలికి పాఠం చెప్పింది. "అన్నం వడ్డించేటప్పుడు బాగా వంగు. ఊపిరి వదిలినప్పుడు పట్టుకో."

చెల్లెలు వంగింది. బురద వాసన, పచ్చితుంగ వాసన తప్ప ఏమీ తగల్లేదు.

"గట్టివాడే. ఏదో నమిలి వస్తున్నాడు" అంది అక్క.

వాసన వస్తే తాగినట్టు, రాకపోతే దాచినట్టు. ఆ మనిషికి ఇక దారేదీ? చొక్కా జేబులు, సైకిలు సంచి, ఆఖరికి నానేసిన కట్టల సందులు కూడా వెతికారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా బలిసింది.

"ఒట్టేసి చెప్తున్నాను, నన్ను నమ్మవా?" అన్నాడతను భార్యతో.

"నమ్ముతాను. అయినా ఒకసారి ఊదు."

మేస్త్రి తీర్పు చెప్పేశాడు. "నెలాఖరుకి బట్టలు సర్దుకోమను. నా కూతురూ మనవరాలూ నా దగ్గరే ఉంటారు. ఒక తాగుబోతును మోశాను, చాలు."

నెలాఖరు రానే లేదు. ఒక పొద్దున చిన్నల్లుడు షెడ్డులో సగం అల్లిన చాప మీదే భళ్ళున నెత్తురు కక్కుకున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కూడా మొదట అదే అడిగింది, రోజుకు ఎంత తాగుతావని. ఇంటివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్కానింగు చేస్తూ మాత్రం ఆవిడ మధ్యలో ఆగింది. "ఏం పని చేస్తావు?" అంది. చెప్పాడు. మలపరీక్ష రాసింది. ఫలితం వచ్చాక అందర్నీ లోపలికి పిలిచింది.

"కాలువలో నత్తలుంటాయి కదా. వాటిలోంచి కంటికి కనపడని పురుగు పిల్లలు నీళ్ళలోకి వస్తాయి, ఎండెక్కినప్పుడు మరీను. చర్మంలోంచి దూరి, నెత్తుట్లో కాపురం పెట్టి, ఏళ్ళ తరబడి గుడ్లు పెడతాయి. కొన్ని గుడ్లు కాలేయంలో ఇరుక్కుంటాయి."

"అయితే పురుగు కాలేయాన్ని తినేసిందంటారా?" అన్నాడు మేస్త్రి.

"తినలేదు. పాడుచేసింది ఇతని ఒళ్ళే. పరాయి గుడ్డు కనపడగానే ఒంట్లో కాపలా కణాలు చుట్టుముడతాయి. దాన్ని మూసెయ్యాలని చుట్టూ పీచు పేరుస్తాయి. గుడ్డు చచ్చినా ఆ పీచు పోదు. పీచు మీద పీచు. నెత్తురు నడిచే దారులన్నీ పూడుకుపోయాయి. ఆ నెత్తురు వెనక్కి ఎగదన్ని, అన్నం దిగే గొట్టంలో నరాలు ఉబ్బి పగిలాయి. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు."

మేస్త్రికి ఇంకా మింగుడుపడలేదు. "తాగినా కాలేయం గట్టిపడుతుందంటారుగా?"

"పడుతుంది. ఆ మచ్చ తీరు వేరు, ఈ మచ్చ తీరు వేరు. ఇతని మలంలో గుడ్లు నేనే చూశాను. సారా గుడ్లు పెట్టదు పెద్దాయనా."

చిన్నకూతురు ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

పెద్దామె నవ్వలేదు. "ఆ నీళ్ళలో దిగినవాళ్ళందరికీ ఇంతేనా?" అని అడిగింది.

"అందరికీ ఇంతదాకా రాదు. ఏళ్ళ తరబడి దిగినవాళ్ళలో కొందరికి వస్తుంది. ఏం, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా?"

ప్రాణం పోతున్న భర్త నోటి దగ్గర కూడా ముక్కు పెట్టి చూసిన మనిషి పెద్దామె.

మాత్రలతో పురుగు చస్తుందనీ, పడిన మచ్చ చాలావరకు అలాగే ఉంటుందనీ, అతను మళ్ళీ ఆ నీళ్ళలో కాలు పెట్టకూడదనీ చెప్పి డాక్టరమ్మ పంపించింది.

ఇంటికొచ్చాక భార్య అన్నం వడ్డించింది. అలవాటుకొద్దీ అతను ఆమె వైపు ఊపిరి వదిలాడు. ఆమె మొహం తిప్పుకుని, కొంగు కళ్ళకు అద్దుకుంది.

మేస్త్రి గడపలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నువ్వెక్కడికీ వెళ్ళొద్దులేవయ్యా. నీడపట్టున కూర్చుని అల్లకం నేర్చుకో." తర్వాత మెల్లగా అసలు బాధ బయటపెట్టాడు. "కట్టలు నీళ్ళలోనే ఉండిపోయాయి. ఇంకాస్త నానితే కుళ్ళుతాయి. ఎవరు లాగుతారు? ఇంట్లో ఇంకో అల్లుడు కూడా లేడాయె."

పెద్దకూతురు చాప మీంచి తలెత్తలేదు.

"నువ్వు దిగు నాన్నా."