కోతకు లొంగని నడుం తాడు

ఆ పొద్దున నడుం తాడు ఎంచి ఇచ్చింది నేనే. చెట్లెక్కి కోసే మా పనిలో, చెట్టు చుట్టూ తిప్పి, నడుముకు రెండు పక్కలా తగిలించుకుని, వెనక్కి వాలి పని చేసే తాడు అది. పోయిన నెల మా తమ్ముడు రోరీ తన రంపంతో తన తాడునే సగం కోసుకున్నాడు. అందుకే లోపల ఉక్కు తీగ ఉన్న ఎర్ర తాడు వాడి మీదికి విసిరి, "ఇదిగోరా మొద్దూ, దమ్ముంటే దీన్ని కోసుకో" అన్నాను.

"నీ నోట ఒక్క మంచి మాటైనా రాదా అక్కా," అంటూ తగిలించుకున్నాడు.

హ్యువాన్ లోయలో తుఫాను వెలిసిన మర్నాడు. ఒక ఇంటి కప్పు మీదికి ఒరిగిన నీలగిరి చెట్టు. వాడు పైన, నేను కింద, ఇద్దరి హెల్మెట్లలోనూ రేడియో. రంపం పట్టినప్పుడు రెండు తాళ్లుండాలి కాబట్టి, కిందికి దిగే పెద్ద తాడును కూడా ఆ మానుకే, నడుం తాడుకు కాస్త కింద, కట్టుకున్నాడు. చెట్టు తల కోస్తుంటే అది విరిగి పడుతూ పడుతూ మానును నిలువునా చీల్చేసింది. చీలిక తెరుచుకున్నకొద్దీ ఎర్ర తాడు బిగుసుకుంది. రోరీ మానుకు అతుక్కుపోయాడు.

"అక్కా, ఊపిరాడట్లేదు."

"ముడి వదులు చెయ్యరా వెధవా."

"కదలట్లేదు."

నడుం తాడు ఒక కొసను నడుముకు పట్టి ఉంచే, పొడవు సర్దే పసుపు దారపు ముడి అది. అంత బిగువులో ఎవడి వేళ్లకు లొంగుతుంది? వాడు తొడకున్న చేతిరంపం తీసి ఎర్ర తాడు మీద రుద్దడం మొదలుపెట్టాడు. ఉక్కు మీద రంపం కీచుమనడం నా చెవిలోనే వినిపిస్తోంది. నేను ఎక్కేసరికి వాడుండడు. చేతులారా తమ్ముణ్ణి చంపుకుంటున్నాను అనిపించింది. చెవిలో వాడి ఊపిరి చిన్నదైపోతోంది.

అప్పుడు తట్టింది. తాడు ఉక్కే, ముడి ఉక్కు కాదు కదా.

"ఒరేయ్ గాడిదా, తాడొదిలెయ్. పసుపు ముడి కొయ్యి."

రంపం ఆగింది. "కోస్తే... పెద్ద తాడొక్కటే గతి. చీలిక దాని దాకా... వచ్చిందా?"

కింది నుంచి నాకు వేలాడే బెరడు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"రాలేదు. కొయ్యి."

ముడి తెగింది. వాడు మూరెడు కిందికి జారి పెద్ద తాడుకు వేలాడుతూ ఆగాడు. మాను కిర్రుమంది. తాడు మాత్రం నిలిచింది. చెవిలో దగ్గు, తర్వాత ఊపిరి.

దిగాక పక్కటెముకలు పట్టుకుని గడ్డిలో పడుకున్నాడు. నేను పక్కనే కూలబడి ఏడుస్తున్నాను.

"చీలిక నీకు కనబడలేదు కదూ?" అన్నాడు.

"లేదురా."

"అప్పుడే అనుకున్నా. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు తిట్టవు."

"తెలిసి ఎందుకు కోశావురా?"

"నువ్వు కొయ్యమన్నావు కదా."