ఊదినా లేవని బంతి

బతకొచ్చిన నేతగాళ్ల పేట లింబాయత్‌లో ఆ గల్లీ నిండా మగ్గాల మోతే. అయినా ఈమధ్య జమున చెవికి ఒక్కటే వినబడుతోంది, తండ్రి ఊపిరి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడంతో లింగమూర్తి కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఇల్లు చేరాడు. పంపేటప్పుడు మందులతో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చారు. దానికో గొట్టం, లోపల మూడు బంతులు. బంతులు పైకి లేస్తే ఊపిరితిత్తులు తెరుచుకుంటున్నట్టు. నర్సు అది వాడే తీరు చెప్పినప్పుడు జమున మందుల దుకాణం దగ్గర నిలబడి ఉంది. లింగమూర్తి మాత్రం అంతా తెలిసినట్టు తలూపాడు. తలూపడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఇంటికొచ్చాక రోజూ బుగ్గలు పొంగించి ఊదాడు. దగ్గు తన్నుకొచ్చింది గానీ ఒక్క బంతీ కదల్లేదు. జమునకు అన్నం సయించలేదు. మనసులో ఉన్న భయాన్ని నోటిదాకా రానివ్వకుండా, తోమిన గిన్నెలే మళ్లీ తోముకుంటూ తిరిగింది.

పక్కింటి ఐలమ్మ ఒకప్పుడు లింగమూర్తి పనిచేసిన నేత కార్ఖానాలోనే దారం కండెలు చుట్టింది. జొన్నరొట్టెలు పట్టుకొచ్చి, ముందు జమునను కూర్చోబెట్టి తినిపించింది. రెండో రొట్టె దగ్గర కడుపులో మాట బయటపడింది.

"ఒక్కటి గూడ లేస్తలేదు అత్తా. బాపు నాకు దక్కడేమో."

ఐలమ్మ ఓదార్పు మాటలేం చెప్పలేదు. లింగమూర్తిని మళ్లీ ఒకసారి ఊదమంది. చూసి, నవ్వు కొంగులో దాచబోయి, దాగక బయటికే నవ్వేసింది. పోయినేడు తన పెనిమిటికీ ఇదే డబ్బీ ఇచ్చారు, ఆయనిప్పుడు మళ్లీ మగ్గం మీదున్నాడు. ఆసుపత్రిలో ఏదో పరీక్షకు గట్టిగా ఊదమని ఉంటారు, ఈ మహానుభావుడు దీన్నీ ఊదుతున్నాడు!

"పీల్చాలె అన్నా. నాడెల దారం నోటితోని గుంజుతుంటివి జూడు, గట్లనే."

మగ్గం మీద అటూ ఇటూ దారాన్ని మోసే నాడె కన్నానికి పెదవులానించి, ఒక్క పీల్పుతో దారం కొసను బయటికి లాగడం లింగమూర్తికి కళ్లు మూసుకుని చేసే పని. ఏళ్ల తరబడి ఆ పీల్పుతోనే కార్ఖానా దుమ్మూ మింగాడు. ఇప్పుడు గొట్టానికి పెదవులానించి, నిజంగానే కళ్లు మూసుకుని గుంజాడు. మొదటి బంతి లేచింది. కాసేపు వణుకుతూ నిలబడి, టక్కున పడింది. మరోసారి గుంజితే రెండోది కూడా సగందాకా వచ్చింది. మూడోది మొండికేసింది.

జమున భోరున ఏడ్చింది. ఐలమ్మ ఆమెను ఒడిలోకి తీసుకుని, ఇక కాసేపు పడుకో, మీ బాపును నేను చూసుకుంటానంది.

లింగమూర్తి ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఏడ్వకు బిడ్డా. దారం అందింది."