పొయ్యి వెలగని పూట

ఈ ఉదయం పొయ్యిలో బూడిద ఎత్తుతుంటే నిప్పుకణిక ఒకటి వేలికి అంటుకుంది. చర్మం కమిలిన వాసన వస్తే గాని నాకు తెలియలేదు. పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ సొనకి నా వేళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. మిగతా నేను ఎప్పుడు మొద్దుబారానో మాత్రం గుర్తులేదు.

తుఫానుకి మా కొబ్బరిచెట్లూ ఇల్లూ పడిపోయాక ఇల్లు స్లాబుతో లేచింది. వంటగదికి మాత్రం రేకులు వేశారు. "ఈ ఏడాదికి అలాగుండనీ," అన్నాడు మా ఆయన తిరుమలరావు. ఆ ఏడాది ఇంకా అవలేదు. పైన చెట్టు నీడ కూడా లేదు, మధ్యాహ్నం లోపల ఉడికిపోతున్నానని చెప్పాను. పొయ్యి దగ్గర వేడిగాక చల్లగా ఉంటుందా అన్నాడు. మా అత్త ధనమ్మ, తన బతుకంతా పొయ్యి ముందే పోయిందనీ, ఏనాడూ నోరెత్తలేదనీ అంది. ఆ తర్వాత చెప్పడం మానేశాను. కోపం రావడం కూడా మానేసింది. కోపం రావడం లేదన్నదే తలుచుకుంటే భయమేస్తుంది.

కిందటి వారం విశాఖపట్నం నుంచి తనూజ అనే అమ్మాయి వచ్చింది. పరిశోధన చేస్తోందట. లోపల మనిషి లేకుండా, రెక్కల మీద పడే ఎండతోనే నడిచే విమానం ఒకటి, మామూలు విమానాల కంటే ఎంతో ఎత్తున రోజుల తరబడి తిరుగుతూ, చెట్లు పోయాక ఉద్దానం నేల ఎక్కడెంత కాగుతోందో కొలుస్తుందట. బుధవారం పొద్దెక్కాక పొయ్యిలు వెలిగించొద్దు, ఎండుమట్టలు కాల్చొద్దు, లెక్క తప్పుతుందని ఇంటింటికీ చెప్పింది. మగవాళ్లు తలూపారు. చీకటితో లేచి రెండు పూటలకీ వండింది మేము. కూర చల్లారిపోయిందని మాటలు పడిందీ మేమే. ఆ మధ్యాహ్నం వరండాలో ఆయన నిద్రపోతున్నాడు కాబట్టి, ఎప్పటిలాగే రేకుల గదిలో కూర్చుని ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న జీడిపప్పుకి పొర తీశాను.

నిన్న తనూజ మళ్లీ వచ్చి మా వరండాలో పెద్ద బొమ్మ పరిచింది. చల్లటి తోటలు నీలంగా, ఇసుకనేల పసుపుగా ఉన్నాయి. మా ఇంటి వెనక, వంటగది ఉన్న చోట మాత్రం ఎర్రటి చుక్క. ఇరుగుపొరుగంతా చూస్తుండగా ఆయన నా వైపు తిరిగాడు.

"పొయ్యి ఎలిగించొద్దని సెప్పినారు గదే. ఒక్క పూట ఆగలేకపోనావా?"

తల వంచుకోవడం నా మెడకి అలవాటు. వంగింది కూడా. వంగితే మళ్లీ ఆ చుక్కే కనిపించింది.

"పొయ్యి ఎలిగించనేదు బావా. ఆ గదే అలాగుంటాది. నానందులోనే కూకున్నాను."

మిషనే తప్పు చూపించి ఉంటుందన్నాడు. తప్పు కాదండీ, నిప్పయితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది అంది తనూజ, నెమ్మదిగా. మా అత్త బొమ్మని చూసింది. తర్వాత నా చేతులకేసి చాలాసేపు చూసింది.

ఈ ఉదయం బూడిద ఎత్తింది అందుకే. కమిలిన వేలికి కాస్త కొబ్బరినూనె రాసుకుని, పొయ్యి ఇటుకలు మోసుకొచ్చి వరండాలో ఆయన మంచం పక్కకి జరిపి, ఆ చోట పేర్చాను. మంచం ఎత్తబోతే అత్త వచ్చి రెండో వైపు పట్టింది. ఇద్దరం దాన్ని రేకుల గదిలో వేశాం.

మధ్యాహ్నం ఆయన తోట నుంచి వచ్చి, కాసేపు నిలబడి చూసి, మరి నేనెక్కడ పడుకోవాలని అడిగాడు. కంచంలో వేడి అన్నం పెట్టి చెప్పాను.

"ఈ ఏడాదికి అలాగుండనీ బావా."