చుట్ట దగ్గు

హెల్తు వర్కరు దేవదానం సైకిలు మా గుమ్మం ముందు ఆగితే నాకు ఒళ్లు మండేది. డెబ్భై ఆరులో ఇల్లిల్లూ తిరిగే సర్కారు మనిషిని ఎవరు నమ్మారు? ముందు పేరు రాసుకుంటారు, వెనకాల జీపు వస్తుంది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనుకి.

"పిన్ని దగ్గు నెల దాటిందంట గదా బాబాయ్," అన్నాడు చిన్న డబ్బా ఒకటి తీసి. "రేపు పొద్దున్నే నోరు పుక్కిలించి, లోపల్నుంచి వచ్చే కళ్లె ఇందులో పట్టమనండి. ఉమ్మి కాదండి. రేపల్లె ఆస్పత్రిలో చూస్తారు."

"నీకెవరు చెప్పారయ్యా?"

"దగ్గుకి చాటింపు కావాలా బాబాయ్."

పక్కింటి అంకమ్మ పనే అనుకున్నాను. మా ఇంట్లో వాడికగా పాలు పోయించుకునే మనిషి ఆవిడ. నా భార్య రాఘవమ్మకి క్షయ అని తేలితే పాలకి వీధిలో ఒక్క చెంబు మా గుమ్మం తొక్కదు. ఐదో తరగతితో ఆగినవాడిని, రెండు గేదెలు తప్ప నాకు ఆధారం లేదు. అప్పటికే రాఘవమ్మ కంచం, గ్లాసు వేరు పెట్టించాను. మూడేళ్ల కడగొట్టు పిల్ల లక్ష్మిని తల్లి దగ్గరికి పోనివ్వక నా పక్కలోనే పడుకోబెట్టుకుంటున్నాను.

రాఘవమ్మకి డబ్బా సంగతే చెప్పలేదు; తెల్లవారి ఎవరూ చూడకుండా అందులో నేనే కాండ్రించి ఉమ్మాను. నాది చుట్ట దగ్గు. పదేళ్ల నుంచీ ఉన్నదే. చుట్ట కాల్చే మగాడి దగ్గుని మా వైపు ఎవరు లెక్కేస్తారు? ఏమీ లేదని చీటీ వస్తుంది, వీడి పీడ పోతుంది.

డబ్బా పట్టుకెళ్లిన దేవదానం వారానికి మళ్లీ వచ్చాడు. వీధికి వినపడకుండా చెప్పాడు.

"పిన్నికి క్రిములున్నాయండి. భయం లేదు. ఏడాదిన్నర మాత్రలు, తగ్గిందని మధ్యలో మానకూడదు. కంచం వేరు పెట్టక్కర్లేదండి, ఇది గాలిలో వస్తది. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం, కళ్లె బూడిద డబ్బాలో వేసి కాల్చెయ్యాలి. పసిపిల్లల్ని మాత్రం పక్కలో పడుకోబెట్టుకోవద్దు."

"డబ్బాలు తారుమారు చేశావేమో."

"పైన పేరు నేనే రాశాను బాబాయ్."

"ఇటియ్యి నాయనా," అంటూ రాఘవమ్మ చెయ్యి చాపింది. "ఈయన కంచం మార్చినప్పుడే అనుకున్నా."

లక్ష్మి నా చంకలో ఉంది. దాని ఊపిరి నా మెడకి తగులుతోంది. నోరు మూసుకుంటే నా మాత్రలు ఆవిడ మింగుతుంది, నా పక్కలో ఇది పడుకుంటుంది.

"ఆ కళ్లె నాది," అన్నాను.

దేవదానం తిడతాడనుకున్నాను. నా వైపు చూడనే లేదు.

"ముందు పిల్లని దించండి బాబాయ్. రేపు ముగ్గురూ రేపల్లె రావాలి."

లక్ష్మి దిగనని నా చొక్కా పట్టుకుంది. దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.