పచ్చ ఊలు కట్టిన కప్ప

పిడికెడంత ఒళ్లు, పీపాడంత పౌరుషం. బటన్ అనే ఆ టెర్రియర్ కుక్కకి కదిలేది ఏది కనబడినా నోట కరిచి విదిలించందే తోచదు. బల్లి అయితే పరవాలేదు, ఎలుక అయితే మరీ మంచిది. కానీ ఆస్ట్రేలియాలోని ఇంగమ్ ఊరి చుట్టుపక్కల వానలు పడ్డాక పెరట్లో కదిలేది చాలావరకు చెరకు కప్పే. చెరకు పురుగుల్ని తింటుందని ఎప్పుడో ఎవడో మహానుభావుడు ఓడెక్కించి తెచ్చిన బోదురుకప్ప అది. వచ్చింది, పురుగుల్ని వదిలేసి తక్కినవన్నీ తింది. భుజాల మీద ఉబ్బిన తిత్తుల్లో పాలలాంటి విషం పెట్టుకుని తిరుగుతుంది. కుక్క కరిచిందంటే నోట నురగ, ఒళ్లంతా వణుకు, ఆపైన యజమాని గునపం వెతుక్కోవడమే.

డిసెంబరులో మొదటి వానలకే బటన్ ఒకదాన్ని కరిచింది. దాన్ని పెంచుకుంటున్న డాల్మా జానొట్టి వంటింటి కిటికీలోంచి చూసేసరికి మెట్ల కింద పడి గిలగిల కొట్టుకుంటోంది.

"మెర్వ్!" అని కేక పెట్టింది డాల్మా.

ఆ వీధిలో ఎవరికి ఏ ఆపద వచ్చినా పెట్టే కేక అదే. పక్కింటి మెర్వ్ ట్రాంటర్ చక్కెర మిల్లులో పని మానేశాక ఊళ్లో వాళ్ల పనులే తన పనులుగా తిరుగుతుండేవాడు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి, కుక్కనీ దాని మనిషినీ కారులో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తోలాడు. డాల్మాకి ఇంట్లో ఇంకెవరూ లేరు. పెళ్లి ఒకసారి చేసుకుని చూసింది, చాలనుకుంది. ఆ తర్వాత ఆమె బతుకులోకి వచ్చిన మంచి ఏదైనా ఉందంటే అది బటనే.

"తడిగుడ్డతో తుడవాలి డాల్మా గారూ," అంటూ డాక్టరమ్మ చేసి చూపించింది. "చిగుళ్లు, నాలుక, అంగిలి. ఎప్పుడూ లోపల్నుంచి బయటికే తుడవాలి. గుడ్డ పిండి మళ్లీ తుడవాలి. నీళ్లు పోశారంటే విషం గొంతులోకి దిగుతుంది."

తుడుస్తుంటే పళ్ల సందులో ఇరుక్కున్న పచ్చ ఊలు పోగు ఒకటి బయటికొచ్చింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇదేమిటి?" అంది.

"దిండుదై ఉంటుంది," అన్నాడు మెర్వ్ వెనకనుంచి. "ఏది దొరికితే అది నములుతుంది ఈ దయ్యం."

ఇంట్లో పచ్చ దిండు ఉందో లేదో ఆలోచించే స్థితిలో లేదు డాల్మా. సాయంత్రానికి బటన్ కళ్లు తెరిచింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"గుండె బాగా దెబ్బతింది. ఈసారికి గండం గడిచింది. ఇంకోసారి కరిస్తే నా దగ్గరికి తీసుకొచ్చే వ్యవధి కూడా ఉండదు," అంది.

ఆ రోజునుంచి డాల్మా పెరట్లో యుద్ధమే. దీపం పెడితే పురుగులొస్తాయి, పురుగుల కోసం కప్పలొస్తాయి అని వెనక దీపం తీసేసింది. కుక్క నీళ్ల గిన్నె లోపల పెట్టింది. మోకాలెత్తున సన్న గుడ్డ వలతో పెరడు చుట్టూ దడి కట్టింది. దాని అంచు మట్టిలో పాతిపెట్టాలి, లేకపోతే కప్పలు కిందనుంచి దూరతాయి. మూడు వైపులా తనే తవ్వి పాతింది. నాలుగోది మెర్వ్ ఇంటి వైపు.

"ఇటుపక్క నాకొదిలెయ్ తల్లీ. నడుం విరగ్గొట్టుకుంటావా ఏమిటి?" అని మెర్వే మేకులు కొట్టాడు.

అయినా కప్పలు వస్తూనే ఉన్నాయి. పొద్దు వాలగానే డాల్మా చేతికి బ్రెడ్డు సంచి తొడుక్కుని, నీళ్ల ట్యాంకు కుళాయి కిందా అరటి పొద దగ్గరా వంగి వంగి పట్టేది. పట్టడం వరకే ఆమె వల్ల అయ్యేది, చంపడానికి చేతులు రావు. అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి ముందు ఫ్రిజ్‌లో ఉంచితే మత్తుగా నిద్రపోతుంది, తర్వాత గడ్డకట్టే అరలోకి మారిస్తే తెలియకుండానే పోతుంది. తెలుసు గానీ బఠానీల పక్కన, అమ్మ నేర్పిన ఇటలీ వంటకం రవియోలీ పక్కన ఆ డబ్బా పెట్టి తలుపు వేయాలంటే డాల్మాకి మనసొప్పేది కాదు.

"నాకివ్వు," అన్నాడు మెర్వ్. "ఇంటి కింద నా బీరు ఫ్రిజ్ ఉందిగా. పాపమంతా నా లెక్కలో వేసుకుంటాలే."

"బాధ పడవు కదా మెర్వ్?"

"నిద్రలో పోతాయి తల్లీ. మనకే అంత మంచి చావు రాదు."

ఎంత మంచివాడు అనుకుంది డాల్మా. వారం వారం అతనికి లాసాన్యా పళ్లెం పంపేది. అతను దడి మీదనుంచి కప్పల బకెట్ అందుకుంటూ, బటన్ కోసం సాసేజీ ముక్క ఒకటి చేత్తో పట్టుకొచ్చేవాడు. ఆ చెయ్యి కనబడితే చాలు, బటన్ తోకతో పాటు నడుమంతా ఊపేది.

జనవరిలో ఒక సాయంత్రం ట్యాంకు కింద ఒక మహాకాయం దొరికింది. ఒక కన్ను పాలగాజులా తెల్లబడి ఉంది. వెనక కాలికి ఒక వేలు లేదు. మనిషిని చూసి జరగనైనా జరగలేదు. ఊరంతా తనదే అన్నట్టు కూర్చుంది.

"మేయరు గారు దయచేశారు," అంది డాల్మా దాన్ని అందిస్తూ.

మెర్వ్ చేత్తో బరువు చూశాడు. వెనక కాళ్లు లాగి చూశాడు. "అబ్బ, ఏం కాళ్లు!" అన్నాడు. అతని కళ్లలో ఆ మెరుపు చూసి డాల్మా నవ్వుకుంది. పిచ్చిది.

ఫిబ్రవరిలో చిన్నాన్న కూతురు లొరెట్టా పుట్టినరోజు వచ్చింది. "ఎప్పుడూ ఆ కుక్క కాళ్ల దగ్గరే కూర్చుంటే నువ్వూ మొరగడం మొదలెడతావక్కా," అని లొరెట్టా బలవంతంగా బారుకి లాక్కెళ్లింది. బటన్‌ని ఇంట్లో పెట్టి తలుపులన్నీ రెండేసి సార్లు చూసుకుని బయల్దేరింది డాల్మా.

అది శుక్రవారం. బారు వెనక షెడ్డులో కప్పల పందెం. నేల మీద సుద్దతో పెద్ద గుండ్రటి గీత గీసి, నడుమ బకెట్ బోర్లించి ఉంచారు. దాని కింద పందెం కప్పలు. ఏది ఏదో తెలియడానికి ఒక్కో దాని నడుముకి ఒక్కో రంగు ఊలు. బకెట్ ఎత్తగానే ఏది ముందు గీత దాటితే అది గెలిచినట్టు. వసూలైనదంతా వీధి కుక్కల వైద్యానికట! ఆ మాట విని డాల్మా చప్పట్లు కూడా కొట్టింది.

"ఇక మన ఛాంపియను!" అని అరిచాడు మైకు పట్టుకున్నవాడు. "వరసగా నాలుగు వారాలు ఓటమి ఎరగనిది! పచ్చ ఊలు! మెర్వ్ ట్రాంటర్ గారి కప్ప, పేరు 'పక్కింటావిడ'!"

షెడ్డంతా గొల్లుమంది. బకెట్ లేచింది. పచ్చ ఊలు కట్టుకుని ముందుకు దూకినదానికి ఒక కన్ను తెలుపు. వెనక కాలికి ఒక వేలు లేదు.

లొరెట్టా గ్లాసులోకి చూసుకుంటూ, "నీకు తెలుసనుకున్నానక్కా. ఊరంతటికీ తెలుసు," అని గొణిగింది.

డాల్మా లేచి, గీతలోకి నడిచి, చేతిసంచీ తెరిచి మేయరుని అందులోకి తోసింది. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఆటలో భాగం అనుకున్నారు. మెర్వ్ గబగబా వచ్చాడు.

"డాల్మా, తమాషాకి తల్లీ. పెద్దవి ఒకటో రెండో ఉంచుకున్నాను, అంతే."

"తక్కినవి?"

"తక్కినవి..." మెర్వ్ మెడ గోక్కున్నాడు. "కాళ్లలో బలం చాలనివి మా పెరట్లో మామిడి చెట్టు కింద వదిలేసేవాణ్ని. అవే తిరిగి..."

"అవే తిరిగి నా పెరట్లోకి వచ్చేవి. నేను వంగి వంగి పట్టి మళ్లీ నీ చేతికే ఇచ్చేదాన్ని. నీ పందెం గుర్రాల శాలలో నేను జీతం లేని పనిమనిషిని! దడి అంచు పాతలేదు కదూ నువ్వు?"

కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది?

"నీ కుక్కకి ఏమీ కాలేదుగా," అన్నాడు మెర్వ్. "నువ్వు ఎలాగూ జాగ్రత్తగా చూసుకుంటావని..."

డాల్మా సంచీలోకి చూసింది. చీకట్లో తెల్ల కన్ను కదిలింది. నడుము చుట్టూ పచ్చ ఊలు. మరీ పచ్చది, చిలకపచ్చ. ఆ రంగు తను ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. తన ఇంట్లో పచ్చ దిండు లేదు. ఎప్పుడూ లేదు.

"డిసెంబరులో బటన్ కరిచింది నీ కప్పనే," అంది. "నీ ఇంటినుంచి తప్పించుకున్న పందెం కప్పని. డాక్టరమ్మ ఆ పోగు పైకెత్తి చూపించినప్పుడు నీకు తెలుసు. నా కుక్క నురగలు కక్కుతుంటే నా పక్కన నిలబడి దిండన్నావు."

"భయపడ్డాను డాల్మా. తర్వాత చెబుదామనుకున్నాను. దడి కూడా కట్టానుగా నీకోసం..."

"కట్టావు," అంది డాల్మా. "చాలా బాగా కట్టావు."

ఇంటికి రాగానే మేయరుని ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి తన ఫ్రిజ్‌లోనే ఉంచింది. నిద్రపోయాక గడ్డకట్టే అరలో బఠానీల పక్కకి మార్చింది. ఇన్నాళ్లూ ఆ పని చేయలేకే కదా బకెట్ ఇంకొకరి చేతికిచ్చింది.

పొద్దున్నే గునపం తీసుకుని నాలుగో వైపు కందకం మొదలుపెట్టింది. వల అంచు నేలని తాకనైనా తాకలేదు. అరచెయ్యి దూరేంత సందు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. డాల్మా ఏడుస్తూ తవ్వింది, తవ్వుతూ తిట్టింది. వీధిలో వినబడితే వినబడనీ అనుకుంది.

మధ్యాహ్నం కావస్తుండగా దడి మీదనుంచి ఆ చెయ్యి వచ్చింది. వేళ్ల మధ్య సాసేజీ ముక్క.

"బటన్! వద్దు!" అంది డాల్మా.

వింటే కదా. మెట్లమీద నిద్రపోతున్నది కాస్తా లేచి, చెవులు వెనక్కి పెట్టి, నడుమంతా ఊపుకుంటూ పరుగెత్తింది. ముందు కాళ్లు దడికి ఆనించి ఆ ముక్క అందుకుంది. అందుకుని, వేళ్లు ఒక్కొక్కటే నాకింది. దానికేం తెలుసు? ఎంత చెప్పినా దానికి తెలియదు. దానికి మెర్వ్ అంటే ఇప్పటికీ మెర్వే.

డాల్మా గునపం పడేసి, కుక్కని చంకనెత్తుకుని లోపలికి నడిచింది. వంటింటి బల్ల మీద నిలబెట్టి, గుడ్డ తడిపి పిండి, దాని నోరు తెరిచింది. చిగుళ్లు, నాలుక, అంగిలి, అన్నీ లోపల్నుంచి బయటికి తుడిచింది. పిండి మళ్లీ తుడిచింది. బటన్ తోక ఊపుతూనే ఉంది.